కంటోన్మెంటు మీదుగా మన దారి

2024 మార్చి 7న అల్వాల్‌లో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఒక ఎలివేటెడ్ కారిడార్‌కు శంకుస్థాపన చేశారు. సికింద్రాబాద్ ప్యారడైజ్ కూడలి నుంచి శామీర్‌పేట దగ్గరి ఔటర్ రింగ్ రోడ్డు దాకా 18 కిలోమీటర్ల పైచిలుకు దారి అది. అందులో 11 కిలోమీటర్లకు పైగా పిల్లర్ల మీద, ఆరు వరుసల్లో నడుస్తుంది. అప్పటి అంచనా వ్యయం 2,232 కోట్ల రూపాయలు. రెండు రోజుల తర్వాత, మార్చి 9న, అదే ప్యారడైజ్ నుంచి బోయిన్‌పల్లి మీదుగా డెయిరీ ఫామ్ రోడ్డు దాకా 5.32 కిలోమీటర్ల మరో కారిడార్‌కు కండ్లకోయలో పునాదిరాయి పడింది. దాని అప్పటి అంచనా 1,580 కోట్లు. మొదటిది రాజీవ్ రహదారి మీదిది, రెండోది నాగ్‌పూర్ వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీదిది. ఒకే కూడలి దగ్గర మొదలై విడిపోయే ఈ రెండు పెద్ద దారులు పైన మళ్లీ ఔటర్ రింగ్ రోడ్డుకు తగులుతాయి. జగిత్యాలలోనో కోరుట్లలోనో సిరిసిల్లలోనో పేపరు చదివిన చాలామంది ఇది పట్నం వార్త అనుకుని పేజీ తిప్పేసి ఉంటారు. నిజానికి అది మన దారిలో చివరి 18 కిలోమీటర్ల సంగతి. మన మూడు పట్టణాల నుంచి బయలుదేరి సిద్దిపేట దాటిన బస్సు ఎంత వేగంగా వచ్చినా చివరికి చిక్కుకునేది అక్కడే. ఆ ముడి ఎప్పుడు పడింది, దాన్ని విప్పడానికి ఏ తరం ఏ రూపంలో మూల్యం కట్టింది అని వెనక్కి చూస్తే కథ రెండు శతాబ్దాల వెనక్కి పోతుంది.

అసలు పూర్వం ఈ ప్రాంతపు దారులన్నీ పట్నం వైపు చూసినవి కావు. వేములవాడ రాజన్న, కొండగట్టు అంజన్న, ధర్మపురి నరసింహస్వామి, ఈ ముగ్గురి జాతరలకు పోయే బండ్ల బాటలే మన తొలి రహదారులు. వాన పడితే వాగుల దగ్గర ఆగడం, ఎండాకాలం రాత్రిపూట ప్రయాణం చేయడం ఆ కాలపు రివాజు. సిరిసిల్ల మగ్గాల మీద నేసిన బట్ట, జగిత్యాల వైపు ధాన్యం ఈ బాటల మీదనే కదిలేవి. సరుకు కదిలిన ప్రతిచోటా సుంకం ఉండేది. నిజాం రాజ్యంలో కరోడ్‌గిరి (సుంకాల శాఖ) నాకా అంటే వ్యాపారికి గుండె దడ. దివాన్ మొదటి సాలార్‌జంగ్ సంస్కరణలతో లోపలి రవాణా సుంకాలు చాలావరకు పోయినా పొలిమేరల్లో నాకాలు మాత్రం పోలేదు. డబ్బు కట్టలేని వాళ్లు ఒంటితో కట్టారు. అధికారి క్యాంపుకు వస్తున్నాడంటే ఊళ్లో బండ్లు, ఎడ్లు, మనుషులు వెట్టికి పోవాల్సిందే. బాటలు బాగుచేయడం, సామాన్లు మోయడం, ముందు ఊరి దాకా దారి చూపడం, అన్నీ కూలి లేని పనులే. ఆ చాకిరీ విలువ ఏ లెక్కల పుస్తకంలోనూ పడలేదు.

ఇక్కడ మనవాళ్లు వెట్టి చేస్తూ ఉండగా అక్కడ పట్నం శివార్లలో మన దారి వెడల్పు నిర్ణయమైపోయింది. నిజాంకూ ఇంగ్లీషువాళ్లకూ కుదిరిన 1798 ఒడంబడిక తర్వాత హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన ఇంగ్లీషు పటాలాలు గుడారాలు వేసుకున్నాయి. 1806లో ఆ దండు బజారుకు నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరొచ్చింది. ఆ పైన బొల్లారంలో కంటింజెంట్ సేన, తిరుమలగిరిలో కోటలాంటి శిబిరం, నడుమ పరేడ్ మైదానాలు, బంగళాలు, గుర్రపుశాలలు వచ్చాయి. ఈనాడు రాష్ట్రపతి నిలయంగా ఉన్న బొల్లారం రెసిడెన్సీ ఆ కాలానిదే. తిరుమలగిరి, లోతుకుంట, అల్వాల్, బొల్లారం, హకీంపేట మీదుగా పోయే దారి ఆ దండుకు పనికొచ్చేటంత వెడల్పే ఉంది. ఇరుపక్కలా ఉన్న జాగా సైన్యానిది. తర్వాత రాజ్యం మారింది, దొరలు పోయారు, జెండా మారింది. భూమి మాత్రం రక్షణశాఖ పేరుమీదే నిలిచింది. మన ఉత్తర తెలంగాణ రోడ్డు ఎందుకు ఇరుకుగా ఉంటుందని అడిగితే ట్రాఫిక్ పోలీసు దగ్గర జవాబు దొరకదు. అది 1806 దగ్గర దొరుకుతుంది.

తర్వాతి మలుపు రైలు తెచ్చింది, లేదా తేలేదు అనాలి. సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ మీదుగా మన్మాడ్ పోయే లైను పడమరన పోయింది. కాజీపేట నుంచి పెద్దపల్లి, రామగుండం మీదుగా బల్లార్షా పోయే లైను తూర్పున పోయింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఈ రెండు పట్టాల నడుమ ఎండిపోయిన కాలువ గట్టుల్లా మిగిలాయి. పెద్దపల్లి నుంచి కరీంనగర్, జగిత్యాల, కోరుట్ల మీదుగా నిజామాబాద్‌కు లైను కావాలన్న కోరిక ఎంత పాతదో చెప్పలేం. దానికి శంకుస్థాపన జరిగింది మాత్రం 1993లో, మన పాత కరీంనగర్ జిల్లా బిడ్డే ప్రధానిగా ఉన్నప్పుడు. వంగర పి.వి. నరసింహారావు వేసిన ఆ పునాదిరాయి నుంచి నిజామాబాద్ దాకా రైలు నడవడానికి 2017 వచ్చింది. ఇరవై నాలుగేళ్లు! సిరిసిల్లకైతే మనోహరాబాద్–కొత్తపల్లి లైనే దిక్కు. దానికి 2016 ఆగస్టులో శంకుస్థాపన జరిగితే 2023 అక్టోబరులో రైలు సిద్దిపేట దాకా వచ్చింది. ఇంత ఆలస్యం వల్లనే ఈ ప్రాంతం రోడ్డు మీద, ముఖ్యంగా బస్సు మీద ఆధారపడి బతికింది. దేశంలో ప్రభుత్వమే బస్సులు నడిపిన తొలి చోట్లలో నిజాం రాజ్యం ఒకటి. 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రైల్వేశాఖ కిందనే రోడ్డు రవాణా విభాగం మొదలైంది. అదే 1958లో ఆర్టీసీ అయింది. వెట్టి పోయి టికెట్ వచ్చింది. దారికి డబ్బు కట్టే పద్ధతిలో ఇది నిశ్శబ్దంగా జరిగిన పెద్ద మార్పు: దొర అయినా కూలీ అయినా ఒక సీటుకు ఒకటే రేటు.

1970ల తర్వాత మన దారులు ఒక్కసారిగా పడమరకు తిరిగాయి. సిరిసిల్ల పద్మశాలీలు బొంబాయి దగ్గరి భివండీ మరమగ్గాలకు పోయారు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి పల్లెల నుంచి యువకులు బొంబాయి మీదుగా గల్ఫ్‌కు పోయారు. రాత్రంతా నడిచే బొంబాయి బస్సులు ఈ పట్టణాల్లో ఒక తరం పాటు జీవనాడిగా ఉన్నాయి. అప్పట్లో ఈ పల్లెల్లో చాలామందికి హైదరాబాద్ కంటే బొంబాయే దగ్గర. ఇందులో ఒక విచిత్రం ఉంది. రోడ్డు మీద టోల్ కట్టడమనే కొత్త పద్ధతిని మనవాళ్లు ఇంటికి రాకముందే బయట చూసేశారు. 1995లో జాతీయ రహదారుల చట్టాన్ని సవరించి ప్రైవేటు కంపెనీలు రోడ్డు వేసి, కొన్నేళ్లు టోల్ వసూలు చేసుకుని, తిరిగి అప్పగించే పద్ధతికి దారి తెరిచారు. ఆ బీఓటీ పద్ధతిలో దేశంలోనే తొలినాళ్లలో వచ్చినవాటిలో ఠాణే–భివండీ బైపాస్ ఒకటి. మన నేత కార్మికులు పొద్దున్నే ఫ్యాక్టరీకి పోయే ఊరి పక్కనే అది వచ్చింది. అటు దుబాయిలో 2007 జూలై నుంచి షేక్ జాయెద్ రోడ్డు మీద ‘సాలిక్’ గేట్లు పనిచేశాయి. కారు ఆగదు, కిటికీ దిగదు, అద్దానికి అంటించిన స్టిక్కర్ నుంచే డబ్బు దానంతటదే కట్ అవుతుంది. అక్కడ డ్రైవరు పని చేసిన కోరుట్ల మనిషికి అది మామూలు సంగతి. అదే ఏర్పాటు ఫాస్టాగ్ పేరుతో మన దేశంలో తప్పనిసరి అయింది 2021 ఫిబ్రవరిలో.

ఇంతలో శంషాబాద్ విమానాశ్రయం వచ్చింది. 2008 మార్చిలో అది తెరుచుకోవడంతో బొంబాయి బస్సుల అవసరం తగ్గి, ప్రయాణాలు మళ్లీ పట్నం వైపు తిరిగాయి. విమానం ఎక్కాలంటే పట్నం మీదుగా దక్షిణానికి పోవాలి. ఆ అవసరం కోసమే మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పైరోడ్డు కట్టారు. సుమారు 600 కోట్ల రూపాయలతో తయారైన ఆ దారి 2009 అక్టోబరు 19న మొదలైంది. అప్పటికి దేశంలో అంత పొడవైన ఫ్లైఓవర్ లేదన్నారు. దానికి పెట్టిన పేరు మన జిల్లా మనిషిదే, పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే. కట్టేటప్పుడు ఎవరూ ఊహించని ఉపయోగం ఒకటి దానివల్ల కలిగింది. ఆ వంతెన కింది పిల్లర్లకు వేసిన నంబర్లే మెహిదీపట్నం, అత్తాపూర్, ఉప్పర్‌పల్లి జనానికి చిరునామాలు అయ్యాయి. ఫలానా పిల్లర్ నంబరు దగ్గర సందులోకి తిరగండి అంటే ఆటోవాడికి ఇంకేం చెప్పనక్కర లేదు. ద్విచక్ర వాహనాలను పైకి రానివ్వరు, టోల్ లేదు. విమానం ఎక్కే మనిషికి పైదారి, కూరగాయలు కొనే మనిషికి కిందిదారి అన్న విభజన అప్పుడే మొదలైందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఆ రోజుల్లోనే ఔటర్ రింగ్ రోడ్డు భాగాలు భాగాలుగా తెరుచుకుంది. 158 కిలోమీటర్ల ఎనిమిది వరుసల ఆ దారి 2018లో కండ్లకోయ కూడలితో పూర్తయింది. గల్ఫ్ పోయేవాళ్ల కార్లు శామీర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి పట్నం ముఖం చూడకుండా నేరుగా శంషాబాద్ పోవడం మొదలైంది. టోల్ కట్టాలి, కానీ సమయం మిగులుతుంది. ఇటు రాజీవ్ రహదారి కూడా నాలుగు వరుసలైంది. హైదరాబాద్–కరీంనగర్–రామగుండం రోడ్డును 2010 తర్వాత ప్రైవేటు భాగస్వామ్యంతో వెడల్పు చేశారు. దుద్దెడ, రేణికుంట, బసంత్‌నగర్‌ల దగ్గర టోల్ గేట్లు వచ్చాయి. వరుసలు నాలుగయ్యాయి గానీ పాత బండి బాట మలుపులు చాలాచోట్ల అలాగే మిగిలాయి. డబ్బు కట్టిన రోడ్డు మీద కూడా మలుపు దగ్గర బ్రేకు తొక్కుతున్నామన్న విసుగు డ్రైవర్ల మాటల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. ఔటర్ చరిత్రలో చివరి మలుపు 2023ది. ఆ ఏడాది ప్రభుత్వం దాని టోల్ వసూలు హక్కును 30 ఏళ్లకు 7,380 కోట్లకు ఐఆర్‌బీ అనే కంపెనీకి లీజుకిచ్చింది. ఠాణే–భివండీ బైపాస్‌ను కట్టి టోల్ పట్టిన కంపెనీ కూడా అదే. మన నేత కార్మికుడు భివండీలో చూసిన టోల్ మూడు దశాబ్దాల్లో శామీర్‌పేట దాకా వచ్చి నిలబడింది.

ఊరి నడుమ పిల్లర్ల మీద రోడ్డు వేసి, రెండు పెద్ద రహదారులను కలిపి, దాని ఖర్చు టోల్‌తో రాబట్టుకోవడమన్న ఆలోచన మన దగ్గర పుట్టలేదు. అమెరికాలో షికాగో స్కైవే 1958 నాటిది. ఇండియానా టోల్ రోడ్డును షికాగో ఎక్స్‌ప్రెస్‌వేలతో కలుపుతుంది. మొదటి దశాబ్దాల్లో అప్పు తీర్చలేక తిప్పలు పడిన ఆ దారినే 2005లో 99 ఏళ్లకు 183 కోట్ల డాలర్లకు లీజుకిచ్చారు. మనీలాలో ఊరికి ఉత్తరాన, దక్షిణాన ఉన్న రెండు ఎక్స్‌ప్రెస్‌వేలను కలిపే స్కైవే మూడో దశ 2020 డిసెంబరులో తెరుచుకుంది. అంతకుముందు ఊరు దాటడానికి గంటలు పట్టేది. మన దేశంలో బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీ పైరోడ్డు 2010 జనవరిలో టోల్‌తోనే మొదలైంది. చేదు అనుభవాలూ తక్కువేం కాదు. ఢిల్లీ–నోయిడా ఫ్లైవే 2001లో వచ్చింది. ఖర్చు రాబట్టుకునే లెక్కను ఒప్పందంలో రాసిన తీరుకు ఎన్నేళ్లు టోల్ కట్టినా బాకీ పెరుగుతూనే పోయింది. 2016లో అలహాబాద్ హైకోర్టు వసూలు ఆపేయించింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. మద్రాసు రేవు నుంచి మదురవాయల్ దాకా తలపెట్టిన పైదారికి 2009లో శంకుస్థాపన అయితే, కూవం నదిలో పిల్లర్లు పడుతున్నాయని 2012లో పనులు ఆగాయి. కొన్నేళ్లపాటు నదిలో ఒంటరిగా నిలబడిన ఆ పిల్లర్లు పోగా, 2022లో రెండు అంతస్తుల రోడ్డుగా కొత్త రూపంలో మళ్లీ మొదలైంది. అంత దూరం ఎందుకు, వరంగల్ రోడ్డు మీద 2018లో మొదలైన ఉప్పల్–నారపల్లి కారిడార్ ఏళ్ల తరబడి పిల్లర్లుగానే నిలబడి కింద పోయేవాళ్లకు దుమ్ము తినిపించింది. కట్టడం కంటే కట్టించడం కష్టమని ఈ దారులు నేర్పాయి.

సికింద్రాబాద్ దారి కథలో కట్టించడమంటే ముందు భూమి. రోడ్డు రక్షణశాఖ జాగాలోంచి పోవాలి, రక్షణశాఖ దానికి బదులు జాగా అడుగుతుంది, లేదా విలువ అడుగుతుంది. తెలంగాణ ఏర్పడిన నాటి నుంచి రాష్ట్రానికీ కేంద్రానికీ నడుమ ఉత్తరాలు నడుస్తూనే వచ్చాయి. మంత్రులు ఢిల్లీ పోయి వచ్చారు, ప్రభుత్వం మారింది. 2024 జనవరిలో కొత్త ముఖ్యమంత్రి రక్షణమంత్రి రాజ్‌నాథ్‌సింగ్‌ను కలిశారు. మార్చి 1న అనుమతి వచ్చింది, వారం తిరక్కుండా పునాదిరాయి పడింది. రాజీవ్ రహదారి వైపు కారిడార్‌కు కావలసిన భూమిలో వంద ఎకరాలకు పైగా సైన్యానిదే. ఈ అనుమతి ఘనత తమదంటే తమదని పార్టీలు చాలా వాదించుకున్నాయి. చరిత్రకారుడికి ఆ వాదన కంటే ఆసక్తి కలిగించేది ఒకటి ఉంది. రెండు శతాబ్దాలుగా ప్రజల దారికి అడ్డంగా నిలిచిన కంటోన్మెంటు సరిహద్దు, రోడ్డు కోసం వెనక్కి జరగడానికి ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు.

భూమి మీద సైన్యం ఒప్పుకున్నా ఆకాశం ఒప్పుకోదు. బేగంపేట విమానాశ్రయం రన్‌వే దగ్గర ఎత్తు మీద ఆంక్షలున్నాయి. అందుకే డెయిరీ ఫామ్ కారిడార్ అక్కడ సుమారు 600 మీటర్ల మేర నేల కిందికి దిగి సొరంగంగా పోతుంది. హకీంపేటలో వైమానిక దళం రన్‌వే దగ్గరా అదే చిక్కు. పైరోడ్డు అనుకున్నది కొంతదూరం పాతాళంలోంచి పోవాలి. ఖర్చు ఎందుకు ఇంతింత అవుతుందో ఇక్కడ అర్థమవుతుంది. పి.వి. ఎక్స్‌ప్రెస్‌వేకు కిలోమీటరుకు 50 కోట్ల పైచిలుకు పడితే, శామీర్‌పేట కారిడార్ అంచనా కిలోమీటరుకు 120 కోట్లు దాటింది. సొరంగం ఉన్న డెయిరీ ఫామ్ కారిడార్ అయితే 300 కోట్లకు దగ్గర.

ఇలాంటి దారి ఎలా లేస్తుందో దగ్గర నిలబడి చూస్తే కొంత ఆశ్చర్యం, కొంత భయం కలుగుతాయి. రోడ్డు నడిమధ్య రేకులు కట్టి, ముందుగా గట్టి రాయి తగిలేదాకా పైళ్లు దించుతారు. వాటి మీద పునాది దిమ్మె, దాని మీద ఒంటికాలి పిల్లరు, పిల్లరు తలమీద చేతులు చాచినట్టున్న క్యాపు. పిల్లరు ఒంటికాలిదే ఎందుకంటే కింద బస్సులు నడవాలి. పైన పరిచే రోడ్డును అక్కడ పోయరు. ఊరి బయట కాస్టింగ్ యార్డులో సెగ్మెంట్లుగా పోసి, అర్ధరాత్రి ట్రాఫిక్ తగ్గాక ట్రెయిలర్ల మీద తెస్తారు. రెండు పిల్లర్ల నడుమ ఇనుప లాంచింగ్ గర్డరు వేసి దానికి సెగ్మెంట్లను ఒకదాని పక్కన ఒకటి వేలాడదీస్తారు. వాటి అంచులకు ఎపాక్సీ జిగురు పూసి, లోపలి గొట్టాల్లోంచి ఉక్కు తీగలు దూర్చి, జాకీలతో లాగి బిగిస్తారు. తీగలు బిగిసే దాకా అన్నీ విడివిడి కాంక్రీటు పెట్టెలే. బిగిశాక ఒకే దూలం. ఆ బిగింపులో, ఆ ముందటి ఊతంలో ఎక్కడ పొరపాటు జరిగినా ఏమవుతుందో 2007 సెప్టెంబరు 9న పంజగుట్టలో కడుతున్న ఫ్లైఓవర్ కూలినప్పుడు హైదరాబాద్ చూసింది. ఆ పనుల్లో రాత్రిళ్లు మేలుకునే కూలీలు ఎక్కువమంది బీహారు, ఒడిశా, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లే. ఒకప్పుడు మనవాళ్లు భివండీకి పోయినట్టే వాళ్లు ఇక్కడికి వచ్చారు.

ఇప్పటికీ తేలని ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. మన జిల్లాల నుంచి పట్నం పోయి స్థిరపడినవాళ్లు ఎక్కడ దిగుతారో చూడండి. అల్వాల్, లోతుకుంట, బొల్లారం, తిరుమలగిరి. ఊరికి పోయే బస్సు తమ గడప ముందు నుంచి పోవాలన్న లెక్కతోనే చాలామంది ఆ దారి పొడవునా ఇళ్లు కట్టుకున్నారు. జూబ్లీ బస్‌స్టేషన్ (జేబీఎస్) దాకా పోకుండా, బియ్యం సంచీ పచ్చడి డబ్బా పట్టుకుని అల్వాల్‌లోనే ‘ఆపు, ఆపు’ అని దిగిపోయే తల్లిదండ్రులు ప్రతి బస్సులోనూ ఉంటారు. ఎక్స్‌ప్రెస్ బస్సు పైనుంచి పోతే వాళ్లు ఎక్కడ దిగాలి? ర్యాంపులు ఎక్కడ పెడతారన్నది ఇంజనీర్లకు డ్రాయింగ్ మీద గీత, ఆ తల్లిదండ్రులకు ఆటో ఖర్చు. ఇక రోడ్డు వెడల్పులో తమ దుకాణాలు, ఇళ్లు పోతాయని అల్వాల్, తిరుమలగిరి వాసుల గోడు వేరే ఉంది. సైన్యం జాగా ఇస్తే సరిపోదు, మామూలు మనిషి జాగా కూడా పోవాలి.

దాని మీద మరో పొర. 2025 జనవరిలో ప్రభుత్వం జేబీఎస్ నుంచి శామీర్‌పేటకు 22 కిలోమీటర్లు, ప్యారడైజ్ నుంచి మేడ్చల్‌కు 23 కిలోమీటర్లు మెట్రో వేస్తామని ప్రకటించింది. అవే దారులు, అవే ఇరుకులు. ఒకే గీత మీద కింద రోడ్డు, నడుమ కార్ల వంతెన, ఆ పైన మెట్రో అనుకుంటే పిల్లర్ల లెక్క మొదటి నుంచీ కలిపి వేయాలి. ముందు ఒకటి కట్టేసి తర్వాత రెండోదానికి స్థలం వెతకడం మన నగరాలకు కొత్త కాదు కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాలి. కార్ల వంతెన కంటే ఎక్కువమంది జనాన్ని మోయగలిగేది మెట్రోనే. ఒకవేళ రెండింటిలో ఒకటే సాధ్యమైతే ఈ వ్యాసకర్త ఓటు రైలుకే.

పట్నం చివరి 18 కిలోమీటర్లకు రెండు వేల కోట్లు లెక్క కట్టిన కాలంలోనే మన ఇంటి దగ్గరి దారి సంగతి మరువలేం. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ మీద జగిత్యాల డిపో బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయారు. వాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు. కిక్కిరిసిన బస్సు, నిటారు దిగుడు, బరువు ఆపలేని మలుపు. కిలోమీటరుకు 120 కోట్లు అవసరంలేని చోట ఒక బస్సు ఎక్కువ నడిపి, ఒక మలుపు సవరించి, గట్టి గోడ కట్టి ఉంటే ఆ రోజు అలా ఉండేది కాదేమోనన్న ఆలోచన ఆ ఊళ్ల నుంచి ఇంకా పోలేదు.

ఇప్పుడు మన పట్టణాల వంతు కూడా వచ్చింది. నిజామాబాద్ నుంచి జగిత్యాల మీదుగా పోయే పాత 16వ నంబరు జాతీయ రహదారే ఇప్పటి 63. జగిత్యాల నుంచి కరీంనగర్, వరంగల్ వైపు పోయేది 563. ఆర్మూరు నుంచి జగిత్యాల మీదుగా మంచిర్యాలకు నాలుగు వరుసలు వేయాలన్న ప్రతిపాదనలో మెట్‌పల్లి, కోరుట్ల లాంటి పట్టణాలను తప్పించి బైపాస్ తీయాలన్నారు. బైపాస్ అంటే పసుపు చేలలోంచి, వరి మడుల్లోంచి దారి. ఊరి నడుమ నుంచి పోతే దుకాణాలు పోతాయి, ఊరి పక్క నుంచి పోతే పొలాలు పోతాయి, పైనుంచి పోతే ఖర్చు తడిసి మోపెడవుతుంది. రైతులు కలెక్టరాఫీసుకు వినతిపత్రాలు పట్టుకుని పోతున్నారు, దుకాణదారులు తమ రోడ్డు తమకే ఉండాలంటున్నారు. అల్వాల్‌లో జరిగిన వాదనలన్నీ చిన్న పరిమాణంలో కోరుట్లలోనూ జరుగుతున్నాయి. తేడా ఒక్కటే. అక్కడ ఎదురుగా ఉన్నది రెండు వందల ఏళ్ల కంటోన్మెంటు, ఇక్కడ ఎదురుగా ఉన్నది పసుపు పండించే రైతు.